‘వచ్చింది’ అన్నదెవరు?

ఆ వానాకాలం మా ఇంట్లో ఉన్నది ముగ్గురమే: మా అమ్మ, నా మొగుడు థవిన్, నేను. నాలుగో మనిషి కూడా ఉందని మొదట అనుమానపడింది అమ్మ. నేను పడీపడీ నవ్వాను. నాట్లు పూర్తయ్యేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

నా రొమ్ములో గడ్డకి ఆపరేషన్ చేసి, నెలల తరబడి కీమో మందు ఎక్కించి, ఇక ఇంటికి పొమ్మని పట్నం ఆసుపత్రి వాళ్ళు చెప్పిన రోజున అమ్మ చేతివల పట్టుకుని వార్డులోకి వచ్చింది. చేపలు పట్టే వలే. అందులో ఉడికించిన గుడ్డు, అరటిపండు, జిగురన్నం ముద్ద, నా పాత రవిక. జబ్బు మనిషి మంచం పడితే లోపలుండే జీవం, అదే ఖ్వన్, బెదిరిపోయి ఆ మంచం కింద దూరుతుంది. దాన్ని బతిమాలి, వలతో తోడుకుని తెచ్చుకోకపోతే ఒట్టి ఒళ్ళే ఇల్లు చేరుతుంది. నర్సులు చూసీచూడనట్టు పక్కకి జరిగారు. వాళ్ళ అమ్మలైనా చేసే పనే కదా.

అమ్మ గచ్చు మీద మోకరిల్లి, మంచం కిందికి తల దూర్చి వల ఆడించింది.

“రావే తల్లీ, నా బిడ్డ నువన్ ఖ్వనూ, రావే! ఈ మందుల కంపులో ఎన్నాళ్ళుంటావు? ఇంట్లో నీ చాప ఉంది, నీ మగ్గం ఉంది, రావే. వచ్చిందా?”

అలా అడిగినప్పుడు పక్కనున్న సొంతమనిషి ఎవరైనా ‘వచ్చింది’ అనాలి. అంటేనే వల ఎత్తుతారు.

“వచ్చింది,” అని వినపడింది.

అమ్మ వల మూతి ముడిచి గుండెకి హత్తుకుని లేచింది. కిటికీ పక్క మంచం మీద ఫికున్ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. జలాశయం ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. పక్కపక్క మంచాల మీద ఒకే రకం మందు ఎక్కించుకున్నాం, ఒకే తట్టలో కక్కుకున్నాం. వస్తానని చెప్తే చెయ్యి మాత్రం కొంచెం ఎత్తింది. ఆమె కోసం వల పట్టుకుని ఎవరూ రాలేదు.

ఇల్లు చేరేదాకా అమ్మ నోరు విప్పలేదు. దారిలో మాట్లాడితే వలలోది జారిపోతుందట. మా అమ్మ అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నేను పుట్టాక అదే మొదలు. ఇంట్లో నా మణికట్టుకి తెల్లదారాలు కట్టి, గుడ్డు వలిచి నోట్లో పెట్టింది.

మొదట్లో నా మతిమరుపు నాకే నవ్వులాటగా ఉండేది. పులియబెట్టిన చేపల జాడీ తీసుకెళ్ళి బుద్ధుడి పీట మీద పెట్టాను. అగరొత్తులు వెలిగించబోయిన అమ్మ ముక్కు మూసుకుని, “ఏం పోయేకాలమే నీకు!” అని ఆయనకి పదేపదే దణ్ణాలు పెట్టుకుంది. ఇంకోరోజు పక్కింటి మెట్లెక్కి, వాళ్ళ చాప మీద చతికిలబడి, మా ఇంట్లో మీకేం పని అని వాళ్ళనే అడిగాను. చేద అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతే, “అదే, నీళ్ళు తోడేది, తాడుంటుంది చూడు” అని చేతులు ఊపాను.

“పోనీలే, నాతో వేసుకున్న పోట్లాటలు కూడా మర్చిపోతే బాగుణ్ణు,” అన్నాడు థవిన్.

“అంత ఆశ పెట్టుకోకు. అవన్నీ భద్రంగా ఉన్నాయి.”

మగ్గం దగ్గర మాత్రం నవ్వు రాలేదు. పట్టు నూలుకి ముళ్ళు కట్టి, రంగులో ముంచి నేయడం నాకు చిన్నప్పట్నుంచీ చేతిలో పని. మా అమ్మమ్మ నాటి తామరమొగ్గ నమూనా ఎవరూ ఎక్కడా గీసి పెట్టలేదు, అది మా చేతులకే తెలుసు. ఇప్పుడు ఆ చేతులు నూలు ముందు కూర్చుని నా మొహం చూస్తున్నాయి. సగం ముళ్ళు కట్టి మంచినీళ్ళకి లేచి వచ్చేసరికి, అవి నేను కట్టినవని నమ్మకం కుదిరేది కాదు. ఎవరో మగ్గం కింద దూరి కట్టిపోయినట్టుండేది. దుఃఖం ఆపుకోలేక పట్టు నూలు మీదే తల పెట్టి ఏడ్చాను.

ఇంటికి పంపే ముందు ఓ నర్సు చెప్పింది: ఒకసారికి ఒక్క పనే పెట్టుకో, చేసేది పైకి చెప్పుకుంటూ చెయ్యి, మర్చిపోవు అని. అలాగే మొదలుపెట్టాను.

“పొయ్యి వెలిగించావా? ఆఁ, వెలిగించా. ఉప్పేశావా? వెయ్యలేదు. మరి వెయ్యి. ఇదిగో, వేస్తున్నా.”

అమ్మ మెట్ల మీదే ఆగిపోయింది. “ఎవరే లోపల?”

“ఎవరూ లేరు.”

“ఇద్దరి గొంతులు వినపడ్డాయి.”

“రెండూ నావేనమ్మా.”

అమ్మ లోపలికి వచ్చి నన్ను కాదు, నా వెనకాల మూల వైపు చూసింది. అక్కడ చీపురు తప్ప ఏమీ లేదు. అయినా నాకూ ఓసారి వెనక్కి తిరిగి చూడాలనిపించింది, చూశాను.

ఆ తర్వాత నుంచి అమ్మ నన్ను కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది. పచ్చి బొప్పాయి కాయ రోట్లో దంచుతూ గుప్పెడు పంచదార వేశాను. మా ఇంట్లో అందులో తీపి తగలనివ్వరు. చేపలు కడిగి జామాకు నలిపి రుద్దాను, నీచు పోవడానికి. “జామాకు ఎవరు నేర్పారే?” అంది అమ్మ. ఎవరు నేర్పారో నాకు తెలియదు. చుట్టుకునే గుడ్డ కుచ్చెళ్ళు కుడివైపు దోపేదాన్ని, ఎడమవైపు దోపడం మొదలుపెట్టాను. ఓ మధ్యాహ్నం కునుకు తీస్తున్నదాన్ని దిగ్గున లేచి, “తడకలు లోపలికి తియ్యండి, వాన, వాన! చేపలన్నీ తడిసిపోతాయి!” అని అరిచాను. మా ఇంట్లో తడకలు లేవు, ఎండబెట్టిన చేపలూ లేవు. బయట మాత్రం నిజంగానే చినుకు మొదలైంది.

థవిన్ నా భుజం పట్టుకుని, “కలొచ్చిందా?” అన్నాడు.

“ఏమో,” అన్నాను. అమ్మ తన చాప తీసుకెళ్ళి మా గదికి దూరంగా పరుచుకుంది.  కన్నతల్లికి నన్ను చూస్తే భయం!

పరీక్షలకి మళ్ళీ ఆసుపత్రికి పిలిచారు. వెంట అమ్మ కూడా వచ్చింది. నా వెర్రిమొర్రి పనులన్నీ డాక్టరమ్మ ముందు ఏకరువు పెట్టింది. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

“ఈ మందు తలని కూడా మొద్దుబారుస్తుందమ్మా. మాటలు తట్టవు, పని మధ్యలో దారి తప్పుతుంది. చాలామందికి మెల్లమెల్లగా తగ్గుతుంది.”

“అందరికీనా?” అన్నాను.

“కొందరికి కొంత ఉండిపోతుంది.”

“జామాకు రుద్దడం కూడా మందు వల్లేనా?” అంది అమ్మ. డాక్టరమ్మ నవ్వి చీటీ రాసిచ్చింది.

వార్డు ముందు నుంచి వస్తూ ఫికున్ గురించి అడిగాను. నర్సు మొహం చిన్నబుచ్చుకుంది. “పోయింది పాపం. మీరు ఇంటికెళ్ళిన రోజు సాయంత్రమే.”

 బండి పట్నం దాటాక అమ్మ అల్లుడి మీద పడింది.

“తప్పంతా నీదే. ఆ రోజు ‘వచ్చింది’ అని అంత నీరసంగా అంటారా? మగాడివి, గట్టిగా అని చావొచ్చుగా. అందుకే దాని ఖ్వన్ సరిగ్గా కుదురుకోలేదు.”

“నేనెప్పుడన్నాను? నేను అక్కడ లేనే లేను,” అన్నాడు థవిన్. “బండి అడ్డంగా ఉందని కాపలావాడు అరుస్తుంటే కిందికి పోయా. మీరొచ్చేదాకా బండిలోనే ఉన్నా.”

“మరి ఎవరన్నారు?”

నాకు గుర్తొచ్చింది. నిన్న ఏం తిన్నానో గుర్తులేని నాకు ఆ గొంతు మాత్రం నీళ్ళలో గులకరాయిలా స్పష్టంగా కనపడింది. అమ్మ అడిగింది, జవాబు చెప్పేవాళ్ళు లేరు, నా ఖ్వన్ వచ్చిందని నేనే అనకూడదు. గోడ వైపు తిరిగి ఉన్న మనిషి జాలిపడి తనే అందుకుంది.

“ఫికున్,” అన్నాను.

థవిన్ బండి పక్కకి తీసి ఆపాడు. అమ్మ తన రెండు చేతులూ చూసుకుంది, ఇంకా వల వాటిలోనే ఉన్నట్టు.

“అయ్యో, పిలిచింది నిన్ను, పలికింది అది! పరాయివాళ్ళు పలికితే వాళ్ళే కదే వలలోకి వచ్చేది. దాన్ని నేను తెచ్చేశాను. తెచ్చేస్తే అక్కడ దాని ఒళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తుంది? సాయంత్రానికే...”

“అత్తా, ఆవిడ జబ్బుతో పోయింది,” అన్నాడు థవిన్.

“నువ్వు బండి నడుపు.”

తొమ్మిదో నెల అమావాస్య వచ్చింది. చనిపోయినవాళ్ళకి అన్నం పొట్లాలు కట్టి, తెల్లవారకముందే గుడి ఆవరణలో నేల మీద పెట్టి రావాలి. అమ్మ ఎప్పుడూ నాన్నకి, అమ్మమ్మకి, దిక్కులేనివాళ్ళకి కడుతుంది. ఆ యేడు ఇంకొకటి కట్టి, ఫికున్ పేరు చెప్పి గోడవార పెట్టింది. బాగా వెలుతురు వచ్చాక నన్ను వెంటబెట్టుకుని చూడటానికి వెళ్ళింది. అరిటాకులన్నీ చిరిగిపోయి ఉన్నాయి, కుక్కలూ కాకులూ చీమలూ ఏదీ మిగల్చలేదు. గోడవార పొట్లం ఒక్కటే కట్టిన కట్టు కట్టినట్టే ఉంది. దాని మీద చీమ కూడా పాకలేదు.

“చచ్చిపోయినవాళ్ళలో అది లేదు,” అంది అమ్మ మెల్లగా.

ఇంటికొచ్చి చెప్తే థవిన్, “మీ అమ్మ అందులో పొగాకు కుక్కి ఉంటుంది, కుక్కలేం తింటాయి?” అన్నాడు. కానీ అతని గొంతులో హాస్యం లేదు. నా మటుకు నేను ఆ పూటంతా కంబళి కప్పుకుని కూర్చున్నాను.

అమ్మ అదే రోజు నిర్ణయం చేసేసింది. ఫికున్ ఊరు వెళ్ళి, వాళ్ళ ఇంటి ముందు వల విప్పి, దాని ఖ్వన్‌ని దానివాళ్ళకి అప్పజెప్పి, ఆ తర్వాత మళ్ళీ ఆసుపత్రికి పోయి నాది తెచ్చుకోవాలి.

“అమ్మా, ఒక్క మాట,” అన్నాను. ఈ మాట మర్చిపోకుండా ఉండాలని పొద్దుట్నుంచీ పైకి అనుకుంటూనే ఉన్నాను. “నువ్వు పంపించేసేది నన్నయితే?”

“ఏం వాగుతున్నావే?”

“ఇప్పుడు నీతో మాట్లాడుతున్నది ఎవరు? తీపి తినేదా, తిననిదా? నాకు తెలీదమ్మా. పాతవి సగం గుర్తులేవు. ఉన్న ఈ కాస్తా దానిదే అయితే, దాన్ని దింపేశాక ఈ ఒంట్లో ఎవరుంటారు? నాకు భయంగా ఉంది.”

“నోర్ముయ్,” అంది అమ్మ.  “నా బిడ్డని నాకు తెలీదా?”

“తెలిస్తే నీ చాప అంత దూరం ఎందుకు వేసుకున్నావు?”

 అమ్మ గుడ్డు ఉడకబెట్టడానికి లేచింది.

జలాశయం వైపు నేనెప్పుడూ పోలేదు. థవిన్‌కీ ఆ దారి కొత్త. పెద్ద రోడ్డు దిగగానే, “చెరకు తోట దాటి ఎడమకి. రేకుల బడి వస్తుంది, అక్కడ కిందికి దిగు,” అన్నాను. చెరకు తోట వచ్చింది. రేకుల బడి వచ్చింది. థవిన్ స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నా వైపు చూడకుండా అడిగాడు: “ఇక్కడికి ఎప్పుడొచ్చావు?”

“రాలేదు. తను చెప్పేది. మందు ఎక్కేటప్పుడు కళ్ళు మూసుకుని, రోడ్డు దిగిన దగ్గర్నుంచి ఇంటిదాకా నడిచి వెళ్తున్నట్టు చెప్పుకునేది. రోజూ.”

“రోజూ విన్నావు, అందుకే గుర్తుంది,” అన్నాడు. అతనికి కాస్త ఊపిరి వచ్చింది. అమ్మ మాత్రం వల ఇంకా గట్టిగా పట్టుకుంది. మా ఊరి గుడికి దారి తప్పేదాన్ని నేను.

ఇల్లు నీళ్ళకి దగ్గరగా ఉంది. చూరు కింద తడకలు, వాటి మీద చేపలు, వాటి మీద వానకి కప్పిన పట్టా. నేను మెట్లెక్కాను. వెనకాల అమ్మ కెవ్వుమంది. ఒక మెట్టు ఊగి తూలింది. ఆ మెట్టు మీద నేను కాలు పెట్టలేదు, దాటి ఎక్కేశాను. ఎందుకు దాటానో ఆలోచించుకునేలోపే పైన అరుగు మీద చేపలు చీలుస్తున్న ముసలావిడ తల ఎత్తింది. చాలాసేపు నన్ను చూసింది. చూపు ఆనక చూసిందో, ఆని చూసిందో తెలియదు.

“ఎవరమ్మా?”

“ఫికున్ పక్క మంచం నాది అవ్వా.”

“కూర్చో. దాని గురించి చెప్పు. ఏమనేది అది?”

చెప్పాను. ఒక్క మాట కోసం తడుముకోకుండా చెప్పాను. వాన వస్తే తడకలు ఎవరు తీస్తారో అని బెంగపడేదని. జామాకు రుద్దకపోతే వాళ్ళమ్మ ముద్ద ముట్టదని. బొప్పాయి కాయలో పంచదార వేసిందని పెళ్ళయిన కొత్తలో మొగుడు వెక్కిరిస్తే, ఇంకో గుప్పెడు వేసి పెట్టిందని. ఊగే మెట్టు బాగుచేయించాలని ప్రతి యేడూ అనుకునేదని. నా తలకాయలో నావి ఏవీ నిలవడంలేదు గానీ ఇవన్నీ మడత నలగకుండా ఉన్నాయి. అవ్వ మధ్యలో నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది.

అప్పుడు అమ్మ ముందుకు జరిగి వల సంగతి చెప్పింది. పిలిచింది ఎవరిని, పలికింది ఎవరు, సాయంత్రానికి ఏమైంది, అన్నీ దాచకుండా చెప్పి, తల వంచుకుని కూర్చుంది.

అవ్వ కత్తి కింద పెట్టింది. “అయితే ఆ మంచం కింద ఉండిపోలేదన్నమాట.”

“తప్పయిపోయింది అక్కా...”

“బస్సెక్కడానికి నాకు కాళ్ళు లేవు. కొడుకు బూడిద తెచ్చాడు గానీ వల పట్టుకుపోవడానికి నామోషీ పడ్డాడు. ఈ వానలన్నీ అదే ఏడుపు నాకు. ఆ గచ్చు మీద ఒక్కతీ ఏం చేస్తోందో, ఎవరిని పిలుస్తోందో అని. నువ్వు తెచ్చావా? నీ కడుపు చల్లగుండ. నువ్వు తెచ్చావా?”

 అమ్మ వల రెండు చేతులా ముందుకు చాచింది. “తీసుకోండి. మీ బిడ్డ మీ ఇంట్లో ఉండాలి.”

నేను అరుగు గుంజ పట్టుకున్నాను.  ఇప్పుడు దిగిపోవాల్సింది ఎవరో నిజంగా తెలియలేదు. థవిన్ వచ్చి నా పక్కన ఆనుకుని కూర్చున్నాడు.

అవ్వ వలలోకి తొంగి చూసింది. తర్వాత నన్ను చూసింది. “దింపితే ఎవరి ఒంట్లో ఉంటుంది? నేను రేపో మాపో. అక్కడే ఉండనివ్వరాదూ? అన్నం పెడుతున్నారు కదా.”

“నాకు నా బిడ్డ సగమే మిగిలింది అక్కా,” అంది అమ్మ. 

“నాకు ఆ సగం కూడా లేదు చెల్లీ.”

పట్టా మీద వాన మొదలైంది.  అమ్మ వలని గోడకి ఆనించి, కొంగు బిగించి, బుట్టలో నుంచి ఓ చేప తీసుకుంది. “ఇంకో కత్తి ఉందా? ఇన్ని చేపలు మీరొక్కరే ఎప్పటికి చీలుస్తారు?”

చీకటి పడకముందే బయల్దేరాం. అవ్వ ఎండుచేపల మూట నా చేతిలో పెట్టి, నా కుచ్చెళ్ళు సర్ది, “జాగ్రత్తగా వెళ్ళు,” అంది.

“వెళ్ళొస్తానే అమ్మా. తడకలు నువ్వు ఎత్తకు, తమ్ముణ్ణి పిలువు,” అన్నాను.

అప్పటిదాకా ఆమెని అవ్వా అనే పిలిచాను. నాకు తమ్ముళ్ళు లేరు. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, నేను అనలేదు. థవిన్ బండి దగ్గర ఆగిపోయాడు. అమ్మ వింది. అమ్మకి చెవుడు లేదు.

అవ్వ “సరేలే, పిలుస్తాలే” అంటూ మొహం తిప్పుకుంది.

అమ్మ మెట్ల దాకా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. “వచ్చే నెల మళ్ళీ తీసుకొస్తాను అక్కా,” అని అవ్వకి కేకేసింది. తర్వాత నాతో, “కింద చూసుకుని దిగండి,” అంది. నన్ను ఒక్కదాన్నే అయితే మా అమ్మ జన్మలో ఎప్పుడూ ‘దిగండి’ అనలేదు.